2 శాతం క్యాప్ ఉందన్నారు, మరి నా ఇంటి పన్ను ఇంత ఎందుకు పెరిగింది?

సెంట్రల్‌జెర్సీ_నాన్న · ఆగస్టు 4, 2025, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఆగస్టు క్వార్టర్ బిల్లు చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఫిబ్రవరిలో 2,900 డాలర్లు కట్టాను, మేలో మళ్లీ 2,900 కట్టాను. ఇప్పుడు 3,214 కట్టమంటున్నారు. అంటే దాదాపు 11 శాతం ఎక్కువ. న్యూజెర్సీలో ఆస్తి పన్ను ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదని 2010లోనే చట్టం వచ్చిందని విన్నాను. ఇల్లు కొన్నప్పుడు రియల్టర్ కూడా అదే మాట చెప్పాడు. మరి ఇదేంటి? టౌన్‌షిప్ వాళ్లు తప్పు చేశారా, నాకే అర్థం కాలేదా? ఇద్దరు పిల్లల డేకేర్, ఇంటి లోన్, పైన ఇది. ఎవరికైనా తెలిస్తే వివరంగా చెప్పండి.

జమాబందీ · ఆగస్టు 4, రాత్రి 10:40

అన్నా, ముందు ఆ 11 శాతం సంగతి. న్యూజెర్సీలో సంవత్సరం మొదట్లో ఆ ఏడాది పన్ను రేటు ఇంకా ఖరారై ఉండదు. అందుకే ఫిబ్రవరి, మే బిల్లులు రెండూ కలిపి నిరుటి పన్నులో సగం అయ్యేలా వేసేస్తారు. అసలు రేటు వేసవిలో తేలుతుంది. ఏడాది మొత్తం మీద పెరిగినదంతా ఆగస్టు, నవంబర్ బిల్లుల మీదే పడుతుంది. మీ లెక్కలో నిరుడు 11,600. ఈ ఏడాది 2,900 రెండుసార్లు, 3,214 రెండుసార్లు, వెరసి 12,228. పెరిగింది 628 డాలర్లు, అంటే 5.4 శాతం. ఆగస్టు బిల్లు చూసిన ప్రతి ఒక్కరికీ పెరుగుదల రెండింతలుగా కనిపిస్తుంది. ప్రతి ఏడాది ఇదే నెలలో మా ఆఫీసులో ఫోన్లు ఆగవు. నేను ఈ రాష్ట్రంలోనే ఒక మునిసిపల్ ఫైనాన్స్ ఆఫీసులో పని చేస్తాను. ఊరి పేరు అడగకండి.

5.4 కూడా 2 కంటే ఎక్కువే కదా అంటారు. అది రేపు రాస్తాను. మీ బిల్లులో కౌంటీ, స్కూలు, మునిసిపల్ అని విడివిడిగా ఉంటాయి. ఆ అంకెలు పెట్టండి. అసెస్‌మెంట్, అంటే పన్ను కోసం మీ ఇంటికి కట్టే విలువ, మారిందా అన్నది కూడా చెప్పండి.

సెంట్రల్‌జెర్సీ_నాన్న · ఆగస్టు 5, ఉదయం 7:05

చాలా థాంక్స్ అన్నా. కనీసం సగం గుండె దడ తగ్గింది. నిరుటితో పోలిస్తే స్కూలు 270, మునిసిపల్ 240, కౌంటీ 90, లైబ్రరీ, ఓపెన్ స్పేస్ కలిపి 28 పెరిగాయి. మా దగ్గర అసెస్‌మెంట్ ఏటా మారుస్తారు. నా ఇంటి విలువ బాగానే పెంచారు.

జమాబందీ · ఆగస్టు 5, రాత్రి 11:20

ఇప్పుడు అసలు విషయం. ఆ 2 శాతం పరిమితి మీ బిల్లు మీద కాదు. లెవీ మీద. లెవీ అంటే ఊరు మొత్తం కలిసి కట్టాల్సిన పన్ను. పెళ్లి భోజనాల ఖర్చు ఊళ్లో ఇళ్లన్నీ పంచుకుంటున్నాయి అనుకోండి. మొత్తం ఖర్చు ఇంతకు మించకూడదని కట్టడి పెట్టారు. ఏ ఇంటి వాటా ఎంత అన్నది వేరే లెక్క. అది మీ ఇంటి విలువను బట్టి ఉంటుంది. మీ ఇంటి విలువ ఊరి సగటు కంటే ఎక్కువగా పెరిగితే మీ వాటా పెరుగుతుంది, ఇంకెవరి వాటానో తగ్గుతుంది. కోవిడ్ తర్వాత ఆఫీసు భవనాలు ఖాళీ అయి, వాటి ఓనర్లు అప్పీలుకు వెళ్లి విలువ తగ్గించుకున్న చోట ఆ భారం ఇళ్ల మీదికి జరిగింది. ఊరికి అదనంగా ఒక్క డాలర్ రాకపోయినా మీ బిల్లు పెరగొచ్చు. మీ అంకెలు చూస్తే వాటా మార్పు వల్లే సుమారు 2 శాతం వచ్చినట్టుంది.

రెండోది. క్యాప్ ఒక్కటి కాదు. మునిసిపాలిటీకి, స్కూలు జిల్లాకు, కౌంటీకి వేర్వేరుగా ఉంటుంది. మొత్తం పన్నులో సగానికి పైగా స్కూళ్లకే పోతుంది. మూడోది, క్యాప్ లెక్కలోకి రాని ఖర్చులు ఉన్నాయి: పాత అప్పుల వాయిదాలు, ఉద్యోగుల పెన్షన్ చెల్లింపుల్లో పెరుగుదల, ఆరోగ్య బీమాలో పెరుగుదల, ఎమర్జెన్సీ ఖర్చులు. గత ఏడాదుల్లో వాడుకోని పరిమితిని మూడేళ్ల వరకు దాచుకుని తర్వాత వాడుకోవచ్చు. 2023లో రాష్ట్ర ఆరోగ్య బీమా పథకంలో స్థానిక సంస్థల ప్రీమియం ఒక్కసారిగా 20 శాతానికి పైగా పెరిగింది. ఆ రేటు మా ఊరి కౌన్సిల్ నిర్ణయించలేదు. రాష్ట్ర రాజధాని ట్రెంటన్ నుంచి కాగితం వచ్చింది, మేము కట్టాం.

అయినా క్యాప్ పనికిరాలేదని నేను అనను. 2007లో 4 శాతం పరిమితి పెట్టారు. 2010 జులైలో అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ దాన్ని 2కి దించుతూ, మినహాయింపులు తగ్గిస్తూ సంతకం చేశారు. అంతకు ముందు దశాబ్దంలో సగటు బిల్లు పెరిగిన వేగం ఇప్పుడు లేదు. కానీ రాష్ట్ర సగటు బిల్లు 10,000 డాలర్లు దాటేసింది, దేశంలోనే అతి ఎక్కువ. 2 శాతం చిన్నదే, పదిహేనేళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే చిన్నది కాదు.

ఫ్రిస్కో_తెలుగు · ఆగస్టు 6, ఉదయం 8:31

ఇదంతా చదివాక నాకు అనిపించేది ఒకటే. మినహాయింపులు పెడితే అది క్యాప్ ఎలా అవుతుంది? అన్నీ తీసేసి 2 అంటే 2 అని కూర్చోబెట్టాలి. మా టెక్సాస్‌లో 2019లో చట్టం తెచ్చారు. సిటీ, కౌంటీల పాత ఆస్తుల మీద వచ్చే పన్ను 3.5 శాతం దాటి పెరగాలంటే నవంబర్‌లో జనం ఓటు అడిగి తీరాలి. సొంతంగా ఉండే ఇంటికి పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదన్న హద్దు వేరే ఉంది. ఖర్చు తగ్గించుకోవడం వాళ్ల పని. మనం ఇంట్లో తగ్గించుకోవట్లేదా?

లెక్కల_టీచర్ · ఆగస్టు 6, మధ్యాహ్నం 12:50

ఫ్రిస్కో గారూ, మీ చట్టంలో కూడా అప్పుల వాయిదాల కోసం వేసే పన్ను ఆ 3.5 లెక్కలోకి రాదు. కొత్త కాలనీల్లో నీళ్లు, డ్రైనేజీ కోసం కట్టే మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) పన్ను వేరే. మా అన్నయ్య కేటీ దగ్గర ఇల్లు కొన్నాడు. బిల్లులో పెద్ద ముక్క అదే. మీ దగ్గరా మినహాయింపులు ఉన్నాయి, పేరు వేరు.

ఫ్రిస్కో_తెలుగు · ఆగస్టు 6, మధ్యాహ్నం 1:15

మడ్ విషయం నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఓటు అడగాలన్న నిబంధన మాత్రం మంచిది. అడగడానికి భయపడి ఖర్చు తగ్గిస్తారు.

బే_ఏరియా_2004 · ఆగస్టు 6, రాత్రి 7:48

కాలిఫోర్నియా వైపు నుంచి నా మాట. నాన్న గారు అడిగినట్టు బిల్లు మీదే పరిమితి కావాలంటే అది మా ప్రాపొజిషన్ 13. 1978లో ఓటర్లు పాస్ చేశారు. బేస్ పన్ను కొన్న ధరలో 1 శాతం, ఆ తర్వాత విలువ ఏటా 2 శాతానికి మించి పెంచకూడదు. ఓటర్లు ఒప్పుకున్న బాండ్లు, అంటే స్థానిక సంస్థలు చేసే అప్పులు, దాని మీద అదనం. ఉన్నన్నాళ్లూ షాక్ ఉండదు. కానీ నేను 2018లో కొన్నాను, పక్కింటి ఆయన 1990ల్లో కొన్నారు. ఇళ్లు ఒకటే సైజు. ఆయన కట్టేదానికి దాదాపు నాలుగింతలు నేను కడుతున్నాను. ఒకే రోడ్డు, ఒకే స్కూలు, ఒకే ఫైర్ స్టేషన్. మంచి మనిషి, ఆయన మీద నాకేం కోపం లేదు. పద్ధతి మీదే బాధ.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. ఆ మరుసటి ఏడాదే, 1979లో, ఇంకో సవరణ వచ్చింది. రాష్ట్రం ఊళ్ల మీద, కౌంటీల మీద కొత్త పని పెడితే దాని ఖర్చు రాష్ట్రమే తిరిగి ఇవ్వాలని. పన్ను ఎలాగూ పెంచుకోలేరు కదా, కనీసం పై నుంచి భారం పడకుండా ఉండాలని. మాట బాగుంది. ఆచరణలో రాష్ట్రం ఏళ్ల తరబడి బాకీ పెట్టింది. చివరికి 2004లో మరో సవరణ తెచ్చి, డబ్బు ఇవ్వు, లేదంటే ఆ ఆదేశాన్ని ఆ ఏడాదికి ఆపు అని చెప్పాల్సి వచ్చింది.

జమాబందీ · ఆగస్టు 6, రాత్రి 11:55

బే ఏరియా గారు సరిగ్గా నేను చెప్పాలనుకున్న చోటికి తీసుకొచ్చారు. ఫ్రిస్కో గారి ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది.

ఇంట్లో ఖర్చు తగ్గించుకోవడం అంటే ఏం వండుకోవాలో మనమే తేల్చుకుంటాం. ఊరి బడ్జెట్ అలా ఉండదు. పై నుంచి ఒక చట్టం వస్తుంది: ఇది చేయండి, ఈ తేదీలోగా చేయండి, ఈ ఫారాలు నింపండి. డబ్బు మాట ఉండదు. పేరు చట్టం చేసినవాళ్లకు, బిల్లు ఇంటి ఓనరుకు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. తేడా ఏంటంటే ఇక్కడ అత్తకు ఆ సొమ్ము 2 శాతానికి మించి పెంచుకునే హక్కు లేదు. కాబట్టి ఆ పనికి డబ్బు ఇంకో పని నుంచి తీస్తాం. పార్కులో లైట్లు, స్కూలు దగ్గర రోడ్డు దాటించే మనిషి, గుంతల రోడ్డు. జనం మమ్మల్ని తిడతారు. తిట్టడంలో తప్పు లేదు, వాళ్లకు కనిపించేది మేమే.

న్యూజెర్సీలో దీనికి మంచి ఆయుధమే ఉంది. 1995 నవంబర్‌లో ఓటర్లు రాజ్యాంగ సవరణ పాస్ చేశారు. పని చెప్పిన రాష్ట్రమే డబ్బు ఇవ్వాలి, లేకపోతే ఆ ఆదేశం చెల్లదు. తేల్చడానికి తొమ్మిది మందితో కౌన్సిల్ ఆన్ లోకల్ మాండేట్స్ పెట్టారు. దాని తీర్పు మీద కోర్టుకు వెళ్లడానికి లేదు. వాడిన సందర్భాలు తక్కువే, కానీ గట్టివి. స్కూళ్లలో వేధింపులను అరికట్టే చట్టానికి నిధులు లేవని 2012లో చెప్పింది. చట్టం మంచిదే. అందుకే శాసనసభ వెంటనే సవరించి కొంత నిధి పెట్టింది. పోలీసు కార్లలో వీడియో కెమెరాలు తప్పనిసరి చేసిన 2014 చట్టం మీద డెప్ట్‌ఫర్డ్ టౌన్‌షిప్ ఫిర్యాదు చేస్తే ఆ చట్టాన్ని 2016లో కొట్టేసింది. తాగి నడిపి శిక్షపడ్డవాళ్ల దగ్గర 25 డాలర్ల చొప్పున వసూలు చేసి కొనుక్కోమన్నారు, అది ఏ మూలకూ చాలదు. 2019లో పోస్టల్ ఓటింగ్ చట్టాలను కౌంటీల ఫిర్యాదు మీద చెల్లవంది. ఆ తర్వాత రాష్ట్రం డబ్బు కేటాయించి మళ్లీ చట్టం చేసింది. మూడింట రెండుసార్లు డబ్బు కదిలింది చూడండి. అడిగితే వస్తుంది.

కానీ కన్నాలు ఉన్నాయి. 1996 జనవరి 17కు ముందు చట్టాలను ఇది తాకదు. కేంద్రం నుంచి వచ్చిన వాటిని తాకదు. ప్రత్యేక అవసరాల పిల్లల చదువుకు అదనంగా అయ్యే ఖర్చులో 40 శాతం వరకు ఇస్తామని కేంద్రం 1975లో చెప్పింది, ఇప్పటికీ దాని దరిదాపుల్లో ఇవ్వలేదు. ఆ పిల్లలకు చదువు చెప్పి తీరాలి. మా అన్నయ్య కొడుకు అలాంటి పిల్లాడే, కాబట్టి ఆ ఖర్చు దండగ అనే మాట నా నోట రాదు. డబ్బు ఎవరు పెట్టాలన్నదే నా ప్రశ్న. ఇక అన్నిటికంటే పెద్ద కన్నం: ఈ మాండేట్స్ కౌన్సిల్ తనంతట తాను కదలదు. ఊరో, కౌంటీయో, స్కూలు బోర్డో ఫిర్యాదు చేయాలి. మామూలు మనిషి చేయలేడు.

ఇంకో మాట. పోలీసు, ఫైర్ ఉద్యోగుల జీతాలపై ఆర్బిట్రేషన్‌లో, అంటే బేరం కుదరనప్పుడు మధ్యవర్తి తీర్పులో, ఇచ్చే పెంపుకు కూడా 2 శాతం పరిమితి 2011 నుంచి ఉండేది. దాన్ని 2017 చివరిలో ముగిసిపోనిచ్చారు. పన్ను మీద క్యాప్ ఉంచి, పెద్ద ఖర్చు మీద క్యాప్ తీసేశారు. రెండూ కలిసి ఉండాలి. ఒక్కటి ఉంటే రెండోవైపు నుంచి పిండుతుంది.

కరీంనగర్_బిడ్డ · ఆగస్టు 7, ఉదయం 6:20

జమాబందీ అన్నా, ఇది చదువుతుంటే మా బాపు గుర్తొచ్చిండు. ఊరికి సర్పంచ్‌గా చేసిండు. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినంక ప్రతి పంచాయతీకి నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, ట్రాక్టర్ అన్నరు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలె, లేకుంటే పదవికే ముప్పు. ట్రాక్టర్ లోన్ మీద కొన్నరు. నెల నెలా ప్రభుత్వం నుంచి నిధులు వచ్చేవి, అది నిజమే. మా ఊరు శుభ్రమైంది, అదీ నిజమే, శ్మశానానికి దారి కూడా లేని ఊరు మాది. కానీ పనులు ముందు చేయాలె, బిల్లులు తర్వాత వస్తయి. బాపు వడ్డీకి తెచ్చి కట్టించిండు. 2024 ఫిబ్రవరి ఒకటో తారీఖుతో పదవీకాలం అయిపోయింది, బిల్లులు మాత్రం రాలె. అమ్మ గొలుసు బ్యాంకులనే ఉంది. ఇక్కడ ఊళ్లకు ఫిర్యాదు చేసే కౌన్సిల్ అయినా ఉంది. మా బాపు ఆఫీసుల చుట్టూ తిరిగిండు.

సెంట్రల్‌జెర్సీ_నాన్న · ఆగస్టు 7, ఉదయం 8:02

బాపు గారి విషయం చదివి చాలా బాధ అనిపించింది తమ్ముడూ. నా 628 డాలర్లు దాని ముందు ఎంత.

లాంగ్‌ఐలాండ్_కోడలు · ఆగస్టు 7, మధ్యాహ్నం 3:33

న్యూయార్క్‌లో 2011లో క్యాప్ వచ్చింది. 2 శాతం లేదా ద్రవ్యోల్బణం, ఏది తక్కువైతే అది. దాటాలంటే స్కూలు బడ్జెట్‌కు ఓటర్లలో 60 శాతం, ఊళ్లలో అయితే బోర్డులో 60 శాతం ఒప్పుకోవాలి. న్యూయార్క్ సిటీకి ఇది వర్తించదు. క్యాప్‌తో పాటు ఆదేశాల భారం తగ్గిస్తామని కూడా అప్పుడు చెప్పారు. మా రాష్ట్రంలో మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఖర్చులో కౌంటీలు వాటా ఇవ్వాలి, చాలా రాష్ట్రాల్లో అలా లేదు. ఆ వాటా పెరగకుండా 2015 నాటికి ఆపారు. అది నిజంగా పనికొచ్చింది. కానీ ఉన్న వాటా అలాగే ఉంది. నేను స్కూలు బడ్జెట్ ఓటుకు ప్రతి మేలో వెళ్తాను. మన తెలుగు వాళ్లు ఆ లైన్‌లో చాలా తక్కువ కనిపిస్తారు. ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగ్ చూస్తాం, ఆ స్కూలు బడ్జెట్‌కు మాత్రం ఓటు వేయం. పౌరసత్వం ఉన్నవాళ్లైనా రావాలి కదా.

గోదారి_అమ్మమ్మ · ఆగస్టు 7, సాయంత్రం 5:10

నాకు 71 ఏళ్లు. న్యూజెర్సీలో కొడుకు దగ్గరే ఉంటున్నాను, గ్రీన్ కార్డు ఉంది. పెద్దవాళ్లకు సగం పన్ను తిరిగి ఇస్తారని గుడిలో ఎవరో అన్నారు. నా పేరు మీద అప్లై చేస్తే మా అబ్బాయికి తగ్గుతుందా నాయనా?

లెక్కల_టీచర్ · ఆగస్టు 7, సాయంత్రం 6:45

అమ్మా, మీరు విన్నది స్టే ఎన్‌జే పథకం. 65 నిండిన ఇంటి ఓనర్లకు పన్నులో సగం వరకు, ఎక్కువలో ఎక్కువ 6,500 డాలర్లు, 2026 నుంచి ఇవ్వాలని 2023లో చట్టం చేశారు. యాంకర్, సీనియర్ ఫ్రీజ్ అనే మిగతా పన్ను ఊరట పథకాల కింద వచ్చేది ఉంటే అది పోను మిగతాది. కానీ ఇల్లు మీ పేరున ఉండాలి. అబ్బాయి పేరున ఉంటే మీ వయసుతో అది రాదు. అబ్బాయి ఆదాయం 150,000 లోపు అయితే యాంకర్ కింద 1,500, 250,000 లోపు అయితే 1,000 వస్తాయి. ఆయన్ని అప్లై చేశారో లేదో అడగండి, చాలామంది మర్చిపోతారు. దీని కోసమని ఇల్లు మీ పేరున రాయించుకోవద్దమ్మా. లోన్, వారసత్వం చిక్కులు వస్తాయి.

ఒక అభిప్రాయం కూడా చెప్పాలి. ఈ వాపసు డబ్బు కూడా మన పన్నులదే. రాష్ట్ర ఆదాయపు పన్ను 1976లో వచ్చింది, ఆస్తి పన్ను భారం తగ్గించడానికే దాన్ని వాడాలని రాజ్యాంగంలో రాశారు. ఎన్నికల ముందు చెక్కు రూపంలో ఇవ్వడం కంటే స్కూళ్లకు ఇవ్వాల్సింది నేరుగా ఇస్తే బిల్లే తగ్గుతుంది. కొన్ని స్కూలు జిల్లాలకు సాయం తగ్గించి, 2024 మేలో వాటికి కొంత సర్దుబాటు చేస్తూనే లెవీని 9.9 శాతం వరకు పెంచుకోవచ్చని అనుమతి ఇచ్చారు. రాష్ట్రం తగ్గించుకున్నది ఇంటి ఓనర్లు నింపాలని దాని అర్థం.

విజయవాడ_వన్‌టౌన్ · ఆగస్టు 8, ఉదయం 9:40 భారత్ సమయం

ఇక్కడ కూడా ఇదే తరహా. ఆంధ్రలో 2021–22 నుంచి పట్టణాల్లో ఇంటి పన్ను అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఏడాదికి 15 శాతానికి మించి పెంచం అన్నారు. ఊరట అనుకున్నాం. కానీ కొత్త విలువ ప్రకారం రావాల్సిన పన్ను చేరేదాకా ప్రతి ఏడాది 15 చొప్పున పెరుగుతూనే ఉంటుంది. పైన 2 శాతం పేరుకుంటుందని రాశారు, 15 ఎలా పేరుకుంటుందో మీరే వేసుకోండి. ఆ మార్పు కూడా ఊరు కోరి తెచ్చుకున్నది కాదు. 2020లో రాష్ట్రాలు అదనంగా అప్పు చేయాలంటే పట్టణ సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. ఆంధ్రకు ఆ సంస్కరణ పేరుతో 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి వచ్చింది. అప్పు రాష్ట్రానిది, పన్ను మా వీధిది.

ఫ్రిస్కో_తెలుగు · ఆగస్టు 8, రాత్రి 10:05

నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. మా దగ్గర కూడా పేద నిందితులకు లాయర్ పెట్టే ఖర్చులో ఎక్కువ భాగం కౌంటీలే భరిస్తాయని ఈ రెండు రోజుల్లో చదివి తెలుసుకున్నాను. రాజ్యాంగం ప్రకారం ఇచ్చి తీరాల్సిన హక్కు అది. అయినా క్యాప్ ఉండాలనే అంటాను. క్యాప్ లేకపోతే పైవాళ్లకు భయం ఉండదు, కిందివాళ్లకూ ఉండదు.

సెంట్రల్‌జెర్సీ_నాన్న · ఆగస్టు 12, రాత్రి 9:50

అప్‌డేట్ ఇస్తున్నాను. బిల్లు 8న కట్టేశాను. వారాంతంలో మా టౌన్‌షిప్ బడ్జెట్ పత్రం వెబ్‌సైట్‌లో దొరికింది, మొత్తం చదివాను. జమాబందీ అన్న చెప్పినట్టే ఉంది. మునిసిపల్ లెవీ 5 శాతం పెరిగితే అందులో 2 మాత్రమే క్యాప్ లోపలిది, మిగతాది ఆరోగ్య బీమా, బాండ్ల వాయిదా. బాండ్లు ఎందుకంటే ఒక కమ్యూనిటీ సెంటర్. అది ట్రెంటన్ చెప్పింది కాదు, మా కౌన్సిలే ఓటేసి మొదలుపెట్టింది. అంటే కొంత పైవాళ్లది, కొంత మావాళ్లదే. రెండూ అడగాలి. అసెస్‌మెంట్ మీద అప్పీల్ ఏప్రిల్ 1 లోపు వేయాల్సింది, ఈ ఏడాదికి అయిపోయింది. జనవరి చివర్లో పోస్ట్‌కార్డు రాగానే చూసుకోవాలని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను.

వచ్చే సోమవారం రాత్రి 7:30కి కౌన్సిల్ మీటింగ్. పబ్లిక్ కామెంట్‌కు ఐదు నిమిషాలు ఇస్తారట. రెండే ప్రశ్నలు రాసుకున్నాను. గత ఐదేళ్లలో డబ్బు ఇవ్వకుండా రాష్ట్రం మన మీద పెట్టిన పనుల జాబితా, ఖర్చు టౌన్‌షిప్ దగ్గర ఉందా? ఉంటే ఆ మాండేట్స్ కౌన్సిల్‌కు ఎప్పుడైనా ఫిర్యాదు చేశారా? నా ఇంగ్లిష్‌లో యాస ఉంటుంది, మైక్ ముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

జమాబందీ · ఆగస్టు 12, రాత్రి 10:31

ఆ రెండు ప్రశ్నలు చాలు అన్నా. ఒక్కటి మాత్రం చేయండి. మీటింగ్‌కు ముందు అవే ప్రశ్నలు క్లర్క్‌కు ఈమెయిల్‌లో పంపండి. అప్పటికప్పుడు అడిగితే చూసి చెబుతాం అంటారు, ముందే పంపితే జవాబు తయారు చేసుకుని వస్తారు. ఈ 2025 నవంబర్‌లో గవర్నర్ ఎన్నికలు ఉన్నాయి, ఓట్లు అడగడానికి వచ్చేవాళ్లనూ ఇవే అడగండి. యాస గురించి బెంగ వద్దు. మా మీటింగుల్లో అందరికంటే శ్రద్ధగా వినేది అంకెలు చూసుకుని వచ్చిన మనిషినే.

లాంగ్‌ఐలాండ్_కోడలు · ఆగస్టు 12, రాత్రి 11:02

ఒక్కరే వెళ్లకండి. పక్కింటి వాళ్లను తీసుకెళ్లండి.

సెంట్రల్‌జెర్సీ_నాన్న · ఆగస్టు 13, ఉదయం 7:15

ఈమెయిల్ పంపాను. మా వీధిలో ఇద్దరు వస్తామన్నారు. ఒకరు గుజరాతీ ఆయన, ఇంకొకరు నలభై ఏళ్లుగా ఇక్కడే ఉన్న రిటైర్డ్ నర్సు. ఆవిడ పన్ను కట్టలేక ఇల్లు అమ్ముదామని అనుకుంటున్నారట. స్టే ఎన్‌జే గురించి ఆవిడకు తెలియదు. ఫారం ప్రింట్ తీసి ఈ సాయంత్రం ఇచ్చి వస్తాను.